కిటికీ పక్కన ఏలి

వార్దో,
సెప్టెంబరు 15, 1963

బోర్గిల్డ్ అక్కకు,

గురువారం మధ్యాహ్నం దేశం ఉత్తరపు కొసన ఇక్కడ దిగాను. పడవలో అయిదు రోజులు. మొదటి రెండు రోజులూ కడుపులో ఏదీ నిలవలేదు, తర్వాత అలవాటైపోయింది. రేవులో జోరున్ నిలబడి ఉంది. మన ఊరి ముందు నీళ్ళకు అవతలి ఒడ్డున పుట్టిన పిల్ల ఇంత దూరంలో, ఇంత గాలిలో, తలకు గుడ్డ కట్టుకుని చెయ్యి ఊపుతుంటే నాకు ఏడుపొచ్చింది. "ఏడవకే, ఇక్కడ కన్నీళ్ళు గడ్డకడతాయి," అంది. సెప్టెంబరులో! అబద్ధాలకోరు.

చేపల ఫ్యాక్టరీలో పని చేతకానిదేమీ కాదు. కాడ్ చేపను వీపు వెంట కోసి ముల్లు తీసేయాలి, రోజంతా నిలబడి. గదికి నలుగురం. హాస్టల్లో పిల్లల్ని ఉంచుకోనివ్వరు. మే నెలాఖరు దాకా నాగా లేకుండా పనిచేస్తే కుటుంబాలకిచ్చే రెండు గదుల ఇల్లు నాకిస్తామని మేనేజరు కాగితం రాసిచ్చాడు. మధ్యలో వెళ్ళిపోతే ఆ కాగితం చెల్లదు. పెళ్ళికాని తల్లికి ఇల్లిచ్చే చోటు ఇంకెక్కడుందో నాకు తెలియదు. అందుకే వచ్చాను. మన ఊళ్ళో ఎవరైనా ఇంకేదైనా కారణం చెబితే వాళ్ళ నోరు మూయించు.

నాకున్న భయం ఒక్కటే. నీ దగ్గర వదిలొచ్చిన ఏలికి ఇప్పుడు పద్నాలుగు నెలలు. నేను తీసుకెళ్ళడానికి వచ్చేసరికి రెండేళ్ళకు దగ్గరపడుతుంది. అప్పటికి నేనెవరో దానికి తెలుస్తుందా? జోరున్‌ని అడిగాను. "దూడలైతే వారంలో మరిచిపోతాయి," అని, వెంటనే నాలుక కరుచుకుంది.

దానికి నన్ను చూపించడానికి గోడ మీద నా ఫొటో ఒకటుంది. నాకు దాన్ని చూపించడానికి నువ్వున్నావు. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు స్టూడియోలో పనిచేశావు కదా, ఆ పనితనమంతా ఇప్పుడు నాకు కావాలి. మంచివే పంపు అక్కా. కెమెరాలోకి సూటిగా చూసేవి. అలాగైతే నన్ను చూస్తున్నట్టు ఉంటుంది. ఏడుస్తున్నవీ, మొహం తిప్పుకున్నవీ పంపకు. అవి చూసి కత్తి పట్టలేను.

బావగారిని అడిగానని చెప్పు.

గుడ్రున్

*

హోగెన్,
అక్టోబరు 6, 1963

గుడ్రున్,

మొదటి ఫొటో ఇందులో ఉంది. అట్ట వంచకుండా తీయి.

ఎలా తీశానో చెబుతాను, చూసేటప్పుడు గది నీ కళ్ళ ముందుంటుంది. పై గదిలో ఉత్తరం వైపు కిటికీ తెలుసుగా, ఎండ ఎప్పుడూ నేరుగా పడని కిటికీ. దానికి పల్చటి తెర వేశాను. తెర మీదుగా వచ్చే వెలుగు జల్లెడ పట్టిన పిండిలా ఉంటుంది, ఎక్కడా గడ్డలుండవు. కిటికీకి ఒక మూర దూరంలో గొర్రెతోలు పరిచి ఏలిని కూర్చోబెట్టాను. కిటికీ దాని కుడి పక్కన. కుడి బుగ్గ వెలుగులో, ఎడమ బుగ్గ నీడలో. నీడ మరీ నల్లబడకుండా ఆ పక్కన కుర్చీ మీద దుప్పటి ఆరేశాను. నేను నేల మీద బోర్లా పడుకున్నాను. పిల్లల్ని పైనుంచి తీస్తే తలకాయలే వస్తాయి. స్టూడియోలో మా ముసలాయన మొదటి రోజే చెప్పాడు, "పిల్ల కన్ను ఎంత ఎత్తులో ఉంటే నీ కన్ను అంత ఎత్తులో ఉండాలమ్మాయ్, నడుం నొప్పి తర్వాత చూసుకో."

జావ తాగిన వెంటనే తీయాలి. కడుపు నిండితే ఒక్క క్షణం కదలకుండా ఉంటుంది. ఆ క్షణం కోసం అరగంట ఆగాలి. ఈలోగా మీ బావ టోర్లైవ్ వచ్చి, "పొలంలో బంగాళదుంపలు తవ్వేవాళ్ళు లేరు, ఇక్కడ ఒకావిడ నేల మీద ఈదుతోంది," అని పోయాడు. ఏలి ఆయన వైపు చూసి నవ్వింది. అది వేరే ఫొటో, నీకు పనికిరాదు, కదిలిపోయింది.

రీలుకు పన్నెండు వస్తాయి. రెండు ఆదివారాలకొక రీలు తీస్తాను. వాటిలో ఒకటి నీకు. దుంపల కొట్టులో ఫిల్ము నేనే కడుగుతాను, చలికి వేళ్ళు కొంకర్లు పోతాయి గాని చీకటి మాత్రం చక్కటి చీకటి.

మరిచిపోతుందని ఊరికే ఏడవకు. రోజూ పొద్దున నీ ఫొటో దగ్గరికి ఎత్తుకెళ్తున్నాను.

బోర్గిల్డ్

*

వార్దో,
నవంబరు 10, 1963

అక్కా,

మూడు ఫొటోలు అందాయి. మంచం పక్కన చెక్క గోడకు గుచ్చాను. గదిలో మిగతా ముగ్గురూ ఇప్పుడు పొద్దున లేవగానే ఏలికే మొదట నమస్కారం పెడుతున్నారు. టర్డిస్ అని ఒక పెద్దావిడ ఉంది, కోపిష్టి. ఆవిడ కూడా నిన్న ఏలి ముందు నిలబడి, "ఏమ్మా, మీ అమ్మ ముల్లు వదిలేసిన చేప మళ్ళీ నా బల్ల మీదికే వచ్చింది, నువ్వైనా చెప్పు," అంది.

ఆ సగం వెలుగు, సగం నీడ ఎంత బాగుందో. జోరున్ అంటుంది, మీ అక్క పల్లెలో పశువుల మధ్య ఉండాల్సిన మనిషి కాదు అని. ఇక్కడ పైవారం నుంచి సూర్యుడు రాడు. జనవరి దాకా దీపాలే. అందుకే కాబోలు ఆ ఫొటోల్లో వెలుగు చూస్తూ కూర్చుంటాను, పిల్లనే కాకుండా.

మాటలేమైనా వస్తున్నాయా? ఏమంటోంది? 'మమ్మా' అంటోందా? నిజం చెప్పు.

గుడ్రున్

*

హోగెన్,
డిసెంబరు 8, 1963

గుడ్రున్,

మాటలు వస్తున్నాయి. ఆవును 'మూ' అంటుంది, టోర్లైవ్‌ని కూడా 'మూ' అంటుంది. ఆయన నొచ్చుకోలేదు. నీ ఫొటో చూపించి "మమ్మా" అంటే అద్దం మీద అరచేయి పెడుతుంది. నోటితో అనడానికి ఇంకా టైముంది.

నడక వచ్చింది, పరుగే ఎక్కువ. కొత్త బూట్లు కొంచెం పెద్దవి, అందుకని గుమ్మాలకు గుద్దుకుంటోంది. నుదుటి మీద బొప్పి కట్టింది, ఎడమ వైపు. ఫొటోలో కనపడకుండా జుట్టు దువ్వాను. చెంచా అందిస్తే ఒక్కోసారి పక్కన గాలిని పట్టుకుని తనే నవ్వుతుంది. పెద్ద కోతిపిల్ల అవుతుంది నీలాగే.

కొండ వెనక్కి సూర్యుడు పోయాడు. ఫిబ్రవరి దాకా మా లోయకు ఎండ లేదు. ఊళ్ళో అందరూ దిగులుపడే రోజులివి, నాకు మాత్రం ఇప్పుడే అసలు వెలుగు. బయట మంచు, పైన మబ్బు, మధ్యలో గది. ఎక్కడినుంచి వస్తోందో తెలియనంత మెత్తటి వెలుగు. ఇందులో పెట్టిన ఫొటో చూడు. రెప్ప వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. పన్నెండింట్లో ఇదొక్కటే కుదిరింది. ఈమధ్య తల ఒక పక్కకు వంచి చూడ్డం అలవాటు చేసుకుంది, వయ్యారం. సూటిగా చూసే క్షణం దొరకడం కష్టమైపోయింది.

క్రిస్మస్‌కు గొర్రె పక్కటెముకలు ఆరబెట్టాం. నీ వంతు టోర్లైవ్ తింటానన్నాడు.

బోర్గిల్డ్

*

వార్దో,
జనవరి 6, 1964

అక్కా,

పండగ అయిపోయింది. పండగ రోజు గదిలో నలుగురం ఒకే కుండలో బియ్యం పాయసం వండుకున్నాం. అందులో వేసిన ఒకే ఒక్క బాదంపప్పు టర్డిస్ గిన్నెలోకి వచ్చింది. ఈ ఏడు నీకే పెళ్ళి అని జోరున్ ఏడిపించింది. "చేపను చేసుకుంటా, కనీసం తాగి రాదు," అంది టర్డిస్.

జోరున్ వాళ్ళమ్మ రాసింది, మన ఊరి సభామందిరంలో క్రిస్మస్ చెట్టు చుట్టూ పిల్లల్ని ఆడించారటగా, కొట్టాయన బావమరిది బల్బు కెమెరాతో ఫొటో తీశాడట. ఏలి కూడా ఉందట. అదీ పంపు. నలుగురు పిల్లల మధ్య దాన్ని చూడలేదు నేనింతవరకు. ఎంత ఎదిగిందో పక్కన ఇంకో పిల్ల ఉంటేనే కదా తెలిసేది.

ఇంకా నూట నలభై ఆరు రోజులు. లెక్కపెడుతున్నాను.

గుడ్రున్

*

హోగెన్,
జనవరి 19, 1964

గుడ్రున్,

అడిగావు కాబట్టి పంపుతున్నాను. ఆ కుర్రాడికి కెమెరా కొనిచ్చినవాళ్ళను అనాలి. మొహాన బల్బు పేల్చి తీస్తే మనుషులు పిండిబొమ్మల్లా వస్తారు, గోడ మీద నీడలు దెయ్యాల్లా. పిల్లలందరూ అదిరిపడ్డారు. "పెద్దమ్మా, ఇప్పుడు పట్నంలో అందరూ ఇలాగే తీస్తున్నారు," అని నాకే పాఠం చెప్పాడు. "పట్నంలో పిల్లలకు కళ్ళుండక్కర్లేదేమో," అన్నాను.

ప్రింటు చూడ్డానికి బాగాలేకపోతే కాస్త సరిచేశాను. జోరున్ చెల్లెలి కూతురి పక్కన నిలబడ్డది ఏలి. ఆ పిల్ల కంటే రెండు వేళ్ళు పొడుగు. వేసుకున్న గౌను నేను కుట్టిందే.

నేను తీసిన దాని ఫొటో కూడా ఒకటి పెట్టాను, పాతది, నవంబరులో తీసింది. ఈ రెండు వారాల రీల్లో నీకు పంపదగ్గది రాలేదు.

బోర్గిల్డ్

*

వార్దో,
ఫిబ్రవరి 2, 1964

అక్కా,

నిన్న పొద్దున తంతి కొట్టాను. ఈ జాబు చేరేసరికి నువ్వు ఏలిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి ఉండాలి. తీసుకెళ్ళకపోతే చదవడం ఆపేసి తీసుకెళ్ళు.

శుక్రవారం జోరున్‌కి వాళ్ళమ్మ దగ్గరినుంచి కవరు వచ్చింది. క్రిస్మస్ చెట్టు ఫొటోయే. వాళ్ళూ ఒకటి కొన్నారు. జోరున్ మంచం మీద కూర్చుని చూస్తూ, "ఇదేంటే, మీ ఏలికి కన్ను ఇలా వచ్చింది?" అంది. నేను నాది తీసి పక్కన పెట్టాను. అదే చెట్టు. అదే గౌను. అందరి పిల్లల కళ్ళూ రెంటిలోనూ ఒకేలా ఉన్నాయి. జోరున్ ఫొటోలో ఏలి ఎడమ కంటిపాప తెల్లగా ఉంది, ఉడికిన చేప కన్నులా. నా ఫొటోలో నల్లగా ఉంది.

"బల్బు వెలుగు పడి ఉంటుందిలే," అంది జోరున్. "పడితే ఒక్క కన్ను మీదే పడుతుందా? పదకొండు మంది పిల్లల్లో ఒక్కదానికే పడుతుందా?" అన్నాను. దీపం దగ్గరికి తీసుకెళ్ళి వాలుగా పట్టుకుని చూశాను. నా ప్రింటు మీద ఆ చోట సిరా మెరుస్తోంది. ఎంత సన్నటి చుక్కో. నీ చెయ్యి నాకు తెలుసు.

టర్డిస్ రెండూ చూసింది. తర్వాత, "మా అన్న కొడుక్కి ఇలాగే ఉండేది. పిల్లి కన్నులా మెరిసేది," అంది. "ఇప్పుడెలా ఉన్నాడు?" అంటే లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఏది నిజం అక్కా? నాకు రాయి. ఎప్పటినుంచి తెలుసో రాయి.

గుడ్రున్

*

బెర్గెన్,
ఫిబ్రవరి 10, 1964

గుడ్రున్,

తంతి అందిన రోజే మా డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆయన గది చీకటి చేసి చిన్న దీపంతో చూశాడు, అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. మర్నాటి పడవకే బెర్గెన్ పంపాడు. కంటి లోపల గడ్డ. పసిపిల్లలకు వచ్చేదట. నీకు ఆసుపత్రి వాళ్ళు తంతి కొట్టారు, నువ్వు సరే అన్నావు, కాబట్టి అంతవరకు నీకు తెలుసు. శనివారం ఎడమ కన్ను తీసేశారు. తెలివొచ్చాక జావ అడిగింది, తాగింది. జ్వరం లేదు. కుడి కంట్లో కూడా రెండు చిన్న మచ్చలు ఉన్నాయన్నారు. కిరణాలు పెట్టి చూస్తామన్నారు.

ఇప్పుడు నువ్వడిగింది.

తెల్లగా ఉన్నదే నిజం. నల్ల చుక్క నేను పెట్టాను. మూడు వెంట్రుకల కుంచెతో. స్టూడియోలో నాలుగేళ్ళు రోజూ అదే పని, దుమ్ము పడిన చోట, మెరుపు పడిన చోట చుక్క పెట్టడం. ఎవరి కంట్లోనైనా తెల్ల మచ్చ కనిపిస్తే నా చెయ్యి ముందు కుంచె మీదికి పోతుంది. ఆ కుర్రాడి బల్బు తప్పు అనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఇష్టంగా కూడా ఉండింది.

అంతే అయితే బాగుండేది. పన్నెండింట్లో నీకు ఒకటి పంపేదాన్ని. మిగతా పదకొండులో ఏముందో నీకు రాయలేదు. అక్టోబరు చివరినుంచి ఎడమ కన్ను ముక్కు వైపుకు తిరుగుతోంది. మొదట రీలుకు ఒకటి రెండు, క్రిస్మస్ నాటికి తొమ్మిదీ పదీ. చెడిపోయినవి అని పక్కన పెట్టాను. జనవరిలో ఒక్కటీ మిగల్లేదు, అందుకే పాతది పంపాను. మెత్తటి వెలుగు పక్కనుంచే వచ్చేది, ఎడమ కన్ను ఎప్పుడూ నీడలోనే ఉండేది, పాప నల్లగానే వచ్చేది. నేను దాన్ని అలా కూర్చోబెట్టాను కాబట్టి. ఒక్కసారి కిటికీకి రెండో పక్కన కూర్చోబెట్టి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

ఇంకోటి. నవంబరులో పాలు పితుకుతుంటే టోర్లైవ్ లాంతరు ఎత్తి, "ఇదిగో, పిల్ల కన్ను మెరిసింది," అన్నాడు. "ముందు ఆ లాంతరు మసి తుడువు," అన్నాను. ఆయన తుడిచాడు.

నెగెటివులన్నీ ఇక్కడి డాక్టరుకిచ్చాను. వెలుగు బల్ల మీద తారీకుల వరసన పేర్చాడు. వేలు పెట్టి, "ఇక్కడ మొదలైంది," అన్నాడు. అక్టోబరు 27. "అప్పుడే తెచ్చి ఉంటే?" అని అడిగాను. "కుడి కన్ను మీద ఇంత బెంగ ఉండేది కాదు," అన్నాడు. తర్వాత, "ఎవరు తీశారివి?" అన్నాడు. నేనేనన్నాను. "చాలా బాగా తీశారు," అన్నాడు. ఎగతాళికి కాదు. పనివాడు కదా, పనిని చూసి అన్నాడు.

నువ్వు ఏమన్నా అను.

బోర్గిల్డ్

*

వార్దో,
ఫిబ్రవరి 19, 1964

బోర్గిల్డ్,

మేనేజరు కాగితం వెనక్కి ఇచ్చేశాను. రేపటి పడవలో బయల్దేరుతున్నాను. బుధవారం బెర్గెన్‌లో ఉంటాను.

సూటిగా చూసేవే పంపమని రాసింది నేనే. అది మరిచిపోలేదు. కానీ నేను రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉండి అడిగాను. నువ్వు రోజూ దానికి తల దువ్వుతూ, ఆ తల పక్కకు వంగడం చూసి వయ్యారం అని రాశావు. అది గుమ్మాలకు గుద్దుకున్నది బూట్లు పెద్దవై కాదు, ఆ పక్క చూడలేక. నువ్వు బొప్పి మీదికి జుట్టు దువ్వావు.

టోర్లైవ్ బావకున్న కళ్ళు నీకు లేకపోయాయి. ఆయన ఎప్పుడూ కెమెరా పట్టలేదు కదా.

నేను వార్డులో అడుగుపెట్టేసరికి నువ్వక్కడ ఉండకూడదు. నువ్వు నాకు అడ్డం ఉండకూడదు అంటున్నాను, అంతే. ఇప్పటినుంచి నా పిల్ల నా దగ్గర ఉంటుంది. నాకు జాబులు రాయకు.

గుడ్రున్

*

హోగెన్,
మార్చి 8, 1964

గుడ్రున్,

రాయొద్దన్నావు. ఇది ఏలి గురించి, అందుకే రాస్తున్నాను. చదివి పారెయ్యి.

నువ్వు చెప్పినట్టే చేశాను. నువ్వొచ్చిన బుధవారం పొద్దున దానికి జావ తాగించి, నిద్రపోయాక వచ్చేశాను. లేచి ఉండగా వెళ్తే ఏడుస్తుంది. నర్సుకు అన్నీ చెప్పాను గాని ఆమెకు ముప్ఫై మంది పిల్లలు, గుర్తుండవు.

జావలో చక్కెర వద్దు, వెన్న ముక్క నడిమధ్యలో ఉండాలి, కలపకూడదు, కలిపితే తాగదు. బ్రౌన్ జున్ను ఇష్టం, పల్చగా కోసి చుట్టి ఇవ్వాలి. నిద్రకు ముందు కుడి పాదం పట్టుకోవాలి, ఎడమది కాదు. మందు వేసేటప్పుడు ముందుగా చెప్పు, చెప్పకుండా మొహం దగ్గరికి చెయ్యి తెస్తే ఇప్పుడు భయపడుతుంది. ఎడమ పక్కనుంచి వెళ్ళకు, కుడి పక్కనుంచి వెళ్ళు. ఉక్రోషం వస్తే 'మూ' ఎక్కడుంది అని అడుగు, కాసేపు ఆలోచిస్తుంది.

ఒక అబద్ధం సరిచేయాలి. నీ ఫొటో ముందు నిలబెట్టి "మమ్మా" అంటే అద్దం మీద అరచేయి పెడుతుందని రాశాను. పెట్టేది. అద్దం చల్లగా ఉంటుందని పెట్టేది. పక్కనున్న కిటికీ అద్దం మీద కూడా అలాగే పెట్టేది. డిసెంబరు నుంచి నన్ను 'బో' అనడం మొదలుపెట్టింది. ఎత్తుకోమన్నా బో, ఆకలన్నా బో. నీకు రాయలేదు. రాస్తే నువ్వు పని వదిలి వచ్చేస్తావనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మా ఇంట్లో ఎవరూ అలా పిలవలేదు ఇంతవరకు.

ముసలాయన నాకిచ్చిన కెమెరా స్టూడియోకి తిరిగి ఇచ్చేశాను. పై గది తలుపుకు మేకులు కొట్టేస్తానంటే టోర్లైవ్ వద్దన్నాడు.

బోర్గిల్డ్

*

బెర్గెన్,
ఏప్రిల్ 5, 1964

అక్కా,

అక్కడ కొట్లో ఫోనుంది గాని ఊరంతా వింటుంది, తంతిలో ఇదంతా పట్టదు. అందుకని రాస్తున్నాను. పోస్టువాడు మంగళవారానికి తెస్తాడు.

కిరణాలు పని చేయలేదు. కుడి కంట్లో గడ్డ పెరిగింది. నిన్న పెద్ద డాక్టరు నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. కన్నా, పిల్లా, రెండూ దక్కవన్నాడు. సంతకం పెట్టాను. శుక్రవారం పొద్దున తీసేస్తారు. దాని తర్వాత పిల్ల బతుకుతుందని అనుకుంటున్నానన్నాడు. అనుకుంటున్నానని మాత్రమే అన్నాడు.

ఇప్పుడు దానికి కనిపిస్తోంది. దగ్గరివి బాగా కనిపిస్తాయి, దూరానివి పొగలా. నా కోటు గుండీలు లెక్కపెట్టినట్టు ఒక్కొక్కటీ ముట్టుకుంటుంది. నేను ఆరు వారాలుగా ఇక్కడున్నాను. నువ్వు రాసినవన్నీ చేశాను. వెన్న కలపకుండా నడిమధ్యలో పెట్టాను. కుడి పాదం పట్టుకున్నాను. నా దగ్గర తింటుంది, నా దగ్గర ఏడుపు మానుతుంది, నర్సుల కంటే నేనే నయమని తెలుసు దానికి. నన్ను 'దా' అంటుంది. దా అంటే ఏమిటో నాకు తెలియదు. మమ్మా కాదు.

రోజూ మధ్యాహ్నం చూడ్డానికొచ్చేవాళ్ళకు వార్డు తలుపులు తీస్తారు. తీయగానే మంచం కమ్మీలు పట్టుకుని లేచి నిలబడుతుంది. వచ్చే ప్రతి ఆడమనిషి మొహం చూస్తుంది. దగ్గరికి వచ్చేదాకా ఎవరో తెలియదు కదా, అందరినీ దగ్గరికి వచ్చేదాకా చూస్తుంది. చూసి, వదిలేసి, ఇంకొకరిని చూస్తుంది. "బో?" అంటుంది. తలుపులు మూశాక కూర్చుంటుంది. మొదటి వారం మరిచిపోతుందనుకున్నాను. ఆరు వారాలయింది అక్కా. మరిచిపోవడం లేదు.

పక్క మంచం పిల్లాడి తల్లి నన్ను అడిగింది, "బో అంటే మీవారా?" అని. "మా అక్క," అన్నాను. "ఊళ్ళో లేదా?" అంది. "ఉంది. నేనే రావద్దన్నాను," అన్నాను. ఆమె నన్ను అదోలా చూసి ఆపిల్ పండు కోసుకోవడంలో పడింది.

శుక్రవారం దాకా ఉన్న నాలుగు రోజులూ దాని ఎదురుగా నేనే కూర్చోవాలని, చివరగా చూసింది నా మొహమే అవ్వాలని అనుకున్నాను. ఆరు నెలలు దూరంగా ఉన్నదాన్ని, అది నాకు రావాల్సిందే అనుకున్నాను. నిన్న రాత్రంతా అలాగే అనుకుంటూ కూర్చున్నాను. పొద్దున మళ్ళీ తలుపు వైపు తిరిగింది.

నిన్ను క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో తెలియదు, అది అడగకు, నేనూ చెప్పను.

బుధవారం రాత్రి పడవ ఎక్కు. గురువారం పొద్దున ఏడింటికి రేవులో ఉంటుంది. నేను మధ్యాహ్నం పూట బయటికి వెళ్ళి వస్తాను, నువ్వు దాని దగ్గర కూర్చో. వార్డులో దీపాలు పైనుంచి పడతాయి, మొహం సరిగ్గా కనపడదు. మంచాన్ని కిటికీ దగ్గరికి జరపమని నర్సుతో మాట్లాడాను. బాగా దగ్గరగా కూర్చో. తలగుడ్డ తీసేసి కూర్చో.

గుడ్రున్